ముందు లిఫ్టులో పదమూడు మంది

లిఫ్టు బాగైందని ఆమె నోటితో చెప్పదు. గ్లాసుతో చెబుతుంది.

నీలం అంచున్న ఎనామెల్ గ్లాసు అది. అంచు దగ్గర ఒకచోట పెచ్చు ఊడి, లోపలి ఇనుము నల్లగా కనిపిస్తుంది. పని ముగిశాక దాన్ని నిండా నీళ్ళతో నింపి లిఫ్టు నేల మీద నడిమధ్య పెడుతుంది. తను పక్కన నిలబడుతుంది. కింది నుంచి పైకి, పై నుంచి కిందికి, ప్రతి అంతస్తులో ఆగుతూ ఒక చుట్టు తిరుగుతుంది. ఒక్క చుక్క తొణికినా పనిముట్ల సంచి మళ్ళీ విప్పుతుంది. తొణక్కపోతే ఆ నీళ్ళు తాగి, గ్లాసు తుడిచి సంచిలో పెట్టుకుని, అప్పుడు రిజిస్టర్లో సంతకం చేస్తుంది.

కంపెనీ నియమాల పుస్తకంలో గ్లాసు ఊసు లేదు. కొత్తగా చేరిన ఇంజనీర్లు మొదటి నెల నవ్వుతారు. రెండో నెల తమ ఇంటి లిఫ్టుకి ఆమెనే పంపమని అడుగుతారు.

ఆమెకి యాభై రెండేళ్ళు. సన్నటి మనిషి, కురచ జుట్టు, ఎంత తోమినా గోళ్ళ అంచుల్లో పోని గ్రీజు. అందరూ లిఫ్టక్క అంటారు. ముప్పై ఏళ్ళ కిందట చేరినప్పుడు ఆ కంపెనీలో ఆడ మెకానిక్ ఆమె ఒక్కతే. తలుపు తీసినవాళ్ళు ఆమె భుజం మీదుగా వెనక్కి చూసి, మెకానిక్ ఎప్పుడొస్తాడని అడిగేవారు. వచ్చేశాడండీ అని ఆమె లోపలికి నడిచేది.

ఆమె చూసే భవనాలు నలభై దాకా ఉన్నాయి. వాటిలో ఒకటి మాత్రం ఆమెకి మిగతావాటిలాంటిది కాదు. పన్నెండు అంతస్తుల పాత భవనం. ఏడో అంతస్తులో ఒక ఇంట్లో ఆమె తల్లి పందొమ్మిదేళ్ళు పనిచేసింది. అప్పట్లో ఆ భవనానికి ఒకటే లిఫ్టు. అది ఇళ్ళవాళ్ళది. పనివాళ్ళవి మెట్లు. ఏడో అంతస్తుకి నూట ఇరవై ఆరు. బడిలేని రోజున పిల్ల కింది మెట్టు మీద కూర్చుని తల్లి అడుగుల చప్పుడు లెక్కపెట్టేది. అరవై దాటాక చప్పుడు నెమ్మదించేది. వంద దాటాక ఆగి ఆగి వినిపించేది.

పిల్లకి తొమ్మిదేళ్ళప్పుడు ఆ లిఫ్టు పాడైంది. చేతులకి మసి పూసుకున్న ఒకాయన వచ్చి, అద్దంలాంటి ఆ నేల మీద మురికి బూట్లతో నడిచి, లిఫ్టులోకి వెళ్ళి నిలబడ్డాడు. ఎవరూ ఏమీ అనలేదు. కాపలాదారు లేచి తలుపు కూడా పట్టుకున్నాడు. ఆయన కూడా పనివాడే కదమ్మా, ఎందుకు ఎక్కనిచ్చారని పిల్ల తల్లిని అడిగింది. ఆయన లేకపోతే అది కదలదు కదే అంది తల్లి. పిల్ల ఏం చదవాలో ఆ మెట్ల మీదే తేలిపోయింది.

గ్లాసు ఆ ఏడో అంతస్తు ఇంటిదే. మిగతా గ్లాసులతో కలవకుండా, వంటింటి బయట కిటికీ గట్టు మీద తల్లి కోసం విడిగా ఉండేది. పని మానేసిన రోజున తల్లి దాన్ని ఇమ్మని అడిగింది. ఇంటావిడ వెంటనే ఇచ్చేసింది. ఆ గ్లాసుని ఇంకేం చేసుకోవాలో ఆవిడకీ తెలియలేదు. పందొమ్మిదేళ్ళు నాతోనే ఉంది, ఇప్పుడు ఎవరి చేతుల్లో పెట్టి రాను, అంటూ తల్లి దాన్ని కొంగుతో తుడుచుకుంటూ ఇంటికి తెచ్చింది.

లైసెన్సు వచ్చిన ఏడాది, కంపెనీ ఆమెని అదే భవనానికి పంపింది. ఆ ఉదయం ఆమె సంచిలో గ్లాసు వేసుకుని వెళ్ళింది. ఆ ఇళ్ళవాళ్ళ లిఫ్టులో, నేల మీద, నీళ్ళతో దాన్ని పెట్టింది. ఏడో అంతస్తు దాటుతున్నప్పుడు నీళ్ళు కదల్లేదు. అప్పటినుంచి గ్లాసు లేకుండా సంతకం చేయలేదు.

తర్వాతి రోజుల్లో భవనానికి రెండో లిఫ్టు పెట్టారు. వెనక, చెత్తడబ్బాల పక్కన. పాతది ముందు లిఫ్టయింది. దానికి నిలువెత్తు అద్దం, ఇత్తడి చేతికమ్మీ. వెనక లిఫ్టుకి సొట్టలు పడ్డ రేకు గోడలు, ఆగిన ప్రతిచోటా నేలకి రెండు వేళ్ళు కిందికి దిగిపోయే అలవాటు. పదకొండేళ్ళ కిందట ముందు లిఫ్టు లోపల ఒక బోర్డు బిగించారు. నల్లటి బోర్డు మీద తెల్లటి అక్షరాలు. నివాసులకు, అతిథులకు మాత్రమే. పనివాళ్ళు, సరుకులు: వెనక లిఫ్టు.

ఆ బోర్డు వైపు చూడకుండా పనిచేయడం ఆమె నేర్చుకుంది. పంటిలోని నొప్పికి నాలుక తగలకుండా తినడం నేర్చుకున్నట్టు.

ఈ ఏడాది తనిఖీకి ఆమె వెనక లిఫ్టుతో మొదలుపెట్టింది. పన్నెండో అంతస్తు మీద యంత్రం గది. నాలుగు ఉక్కు తాళ్ళు. ఆమె ఒక్కొక్క తాడుకీ పాత నూలుగుడ్డ చుట్టి పట్టుకుని, లిఫ్టుని నెమ్మదిగా నడుపుతుంది. తాడులో తెగిన తీగ ఉంటే గుడ్డలోంచి పోగు లాగేస్తుంది. రెండు తాళ్ళ దగ్గర గుడ్డ గడ్డం పెరిగినట్టయింది. ఆమె యంత్రం ఆపి, కళ్ళద్దాలు పెట్టుకుని, తెగిన తీగలు లెక్కపెట్టింది. నియమం ఒప్పుకునే వాటికి రెండింతలున్నాయి.

భవనం సెక్రటరీ ఒకప్పుడు పెద్ద ఆఫీసులో సంతకాలు పెట్టినాయన. ఆరో అంతస్తులో ఉంటాడు. మర్యాదస్తుడు. ఆమె ఎప్పుడొచ్చినా టీ తాగుతావా అమ్మా అని అడుగుతాడు. తను పింగాణీ కప్పులో తాగుతూ, ఆమెకి కాగితం కప్పు తెప్పిస్తాడు. ఆమె ఎప్పుడూ ఇప్పుడే తాగానంటుంది. తాళ్ళ సంగతి చెబితే ఆయన శ్రద్ధగా విన్నాడు. కొత్త తాళ్ళు రావడానికి ఎన్నాళ్ళు పడుతుందని అడిగాడు. ఆరు వారాలంది.

"ఈ ఏడాదికి కానిచ్చేయమ్మా. దాన్ని వాడేది పనివాళ్ళేగా."

"తాడు తెగితే పడేది కూడా వాళ్ళే సార్."

ఆమె వెళ్ళి వెనక లిఫ్టు కరెంటు తీసి, తలుపుకి తాళం వేసి, ఎర్ర చీటీ కట్టింది. తన సంతకం మీద తనకి గర్వం కలిగింది. అది మర్నాటి పొద్దుటిదాకా నిలిచింది.

మర్నాడు ఆరున్నరకి పనివాళ్ళంతా మెట్లెక్కారు. వాళ్ళలో అందరికంటే పెద్దది ఊడ్చే పిన్ని. అరవై ఒకటి. ఆమె తల్లితో కలిసి ఆ భవనంలో పనికి చేరిన మనిషి. అందుకే లిఫ్టక్కకి నిజంగానే పిన్ని వరస. పిన్ని పని పన్నెండో అంతస్తులో మొదలై కిందికి దిగుతుంది. రెండు వందల పదహారు మెట్లు, చేతిలో బకెట్, రెండు మోకాళ్ళలో ఒకటి వంగదు. పైకి చేరేసరికి ముప్పావుగంట పట్టింది. లిఫ్టక్క పైన యంత్రం గదిలోంచి దిగి వస్తుంటే, పిన్ని మెట్ల మలుపులో గోడకి ఆనుకుని ఉంది.

"నీ సంతకం నువ్వు కాపాడుకున్నావే అమ్మాయ్. మా మోకాళ్ళ సంగతేంటి?"

తాళ్ళు తెగేవి పిన్నీ, అందామె. తెగేవేమో, అంది పిన్ని. మెట్లు మాత్రం ఇవాళే ఉన్నాయి.

లిఫ్టక్క బకెట్ అందుకోబోతే పిన్ని ఇవ్వలేదు.

ఆమె సెక్రటరీ దగ్గరికి వెళ్ళి, ఈ ఆరు వారాలు పనివాళ్ళని ముందు లిఫ్టు ఎక్కనివ్వమని అడిగింది. ఆయన కమిటీని అడిగి చెబుతానన్నాడు. సాయంత్రం చెప్పాడు. బకెట్ల నీళ్ళు ఒలుకుతాయని ఒకరన్నారట. పొద్దున్నే ఆఫీసులకి వెళ్ళేవాళ్ళకి ఇరుకవుతుందని ఒకరట. ఇంకొకరు మరీ సున్నితంగా, మన పక్కన నిలబడటానికి పాపం వాళ్ళకే ఇబ్బందిగా ఉంటుందన్నారట. ఆఖరి మాట సెక్రటరీకి బాగా నచ్చినట్టుంది. రెండుసార్లు చెప్పాడు.

ఇంట్లో తల్లి మంచం మీద కూర్చుని చిక్కుడుకాయలకి పీచు తీస్తోంది. డెబ్భై ఎనిమిదేళ్ళు. చెవి కాస్త తగ్గింది, నోరు తగ్గలేదు. కూతురు చెప్పినదంతా విని, పిన్ని మోకాలి గురించి మాత్రం మాట్లాడింది. అది నాకంటే పదిహేడేళ్ళు చిన్నది, మోకాలు మాత్రం నాకంటే ముసలిదంది. తర్వాత అడిగింది.

"ఆ ముందు పెట్టెలో ఎంతమంది పడతారే?"

"పదమూడు మంది అమ్మా."

"అంతమందా? నేనెప్పుడు చూసినా ఇద్దరో ముగ్గురో ఉండేవాళ్ళు. పదమూడని ఎక్కడ రాసుంది?"

ఆమె చెప్పబోయి ఆగింది. ప్రతి లిఫ్టులోనూ ఒక ప్లేటు ఉంటుంది. ఎంతమంది ఎక్కవచ్చు, ఎన్ని కిలోలు మోస్తుంది అని చెక్కి, ఎక్కినవాళ్ళ కంటికి కనపడేచోట బిగిస్తారు. అది కనపడాలన్నది నియమం. తనిఖీ కాగితంలో దానికి విడిగా ఒక వరస ఉంది. ప్లేటు కనబడుతోందా? అవును. ఆ అవును ఆమె ఏటా రాస్తుంది. ముందు లిఫ్టులో ఆ ప్లేటుని చివరిసారి ఎప్పుడు చూశానా అని కళ్ళు మూసుకుని ఆలోచించింది. గుర్తు రాలేదు. మెల్లగా గుర్తొచ్చింది. అది బోర్డు వెనక ఉంది.

తాడులో తెగిన వెంట్రుకంత తీగని పట్టుకునే మనిషి, పదకొండేళ్ళు ఆ సంగతి పట్టుకోలేదు. ఆ బోర్డుని చూడకూడదనుకుంది కాబట్టి.

పొద్దున్నే ఆమె ముందు లిఫ్టు తనిఖీ మొదలుపెడుతున్నానని సెక్రటరీకి కాగితం ఇచ్చింది. అదెలాగూ ఆ నెలలో జరగవలసిందే. తర్వాత లిఫ్టులోకి వెళ్ళి, స్క్రూడ్రైవర్ తీసి, బోర్డు నాలుగు మూలలా ఉన్న నాలుగు స్క్రూలూ విప్పింది. బోర్డు వెనక దుమ్ము. దుమ్ము వెనక ఇత్తడి. ఆమె చేతిగుడ్డతో తుడిచింది. పదమూడు మంది, ఎనిమిది వందల ఎనభై నాలుగు కిలోలు.

యంత్రం గదిలో కూర్చుని రిజిస్టర్లో రాసింది. ఇంత ఓపిగ్గా ఆమె ఏదీ రాయలేదు. బరువు తెలిపే ప్లేటుని ఒక బోర్డు కప్పివేసినందున, నియమం ప్రకారం ఆ బోర్డు తొలగించాను. పదకొండేళ్ళుగా ప్లేటు కనబడుతోందని రాసినది నేనే. అది తప్పు. ఆ తప్పు నాది. కింద సంతకం చేసింది.

నాలుగు స్క్రూలూ కాగితంలో పొట్లం కట్టి, బోర్డుతో పాటు సెక్రటరీకి ఇచ్చి, ముట్టినట్టు సంతకం చేయించుకుంది. లిఫ్టులో ఇంకెక్కడైనా దాన్ని పెట్టుకోవచ్చా అని ఆయన అడిగాడు. ఉన్న గోడలు మూడే. ఒకదాని మీద అద్దం, ఒకదాని మీద మీటలు, ఒకదాని మీద ప్లేటు. ఆయన బోర్డుని చంకలో పెట్టుకుని ఆరో అంతస్తుకి వెళ్ళాడు.

మర్నాడు కంపెనీ బండిలో ఇనుప దిమ్మలు వచ్చాయి. ఇరవై కిలోలవి నలభై నాలుగు, నాలుగు కిలోలది ఒకటి. వాటిని లిఫ్టులో పేర్చి రోజంతా నడిపింది. బ్రేకు పట్టింది. తాళ్ళు గట్టిగా ఉన్నాయి. లోపల బరువు మించితే మోగవలసిన గంట, విడిగా ఉంచిన ఇంకో దిమ్మ పెట్టగానే మోగింది. తీయగానే ఆగింది.

మూడో రోజు మిగిలింది మనుషుల వంతు. దిమ్మల పరీక్ష నెగ్గాక, సర్టిఫికెట్ మీద సంతకానికి ముందు, మామూలుగా ఎక్కే జనంతో లిఫ్టు నడిపి చూడాలి. మెకానిక్ లోపలే ఉండాలి. నియమం అంతే. ఆ జనం ఎవరై ఉండాలో పుస్తకంలో లేదు. ఆ పేజీని ఆమె రాత్రే మరోసారి చదువుకుంది.

ఆరున్నరకి పనివాళ్ళు వచ్చారు. పన్నెండు మంది. పిన్ని, ముగ్గురు వంటమనుషులు, పిల్లల్ని చూసుకునే ఇద్దరు, ముసలాయన్ని కనిపెట్టుకునే నర్సు, నీళ్ళ ట్యాంకులు కడిగే అన్నదమ్ములు, కార్లు తుడిచేవాడు, ఇస్త్రీ అతను, మొక్కలకి నీళ్ళు పోసే తాత. మెట్ల తలుపు వైపు నడుస్తున్నవాళ్ళని ఆమె ముందు హాల్లోంచి పిలిచింది. పరీక్ష ఉంది, ఎక్కండి అంది. ఎవరూ కదల్లేదు. కాపలాదారు తన బల్ల మీది పెన్నుని అప్పుడే కొత్తగా చూసినట్టు చూస్తున్నాడు.

పిన్ని కళ్ళు చిన్నవి చేసుకుంది. "మమ్మల్ని కూడా దిమ్మల్లాగా పేరుస్తావా ఏంటి?"

"దిమ్మల పని నిన్ననే అయిపోయింది పిన్నీ. ఇవాళ మనుషుల పని."

ముందు తాత వచ్చాడు. మొక్కలకి నీళ్ళు పోసే చేతి డబ్బాతో సహా. అతని వెనక ఒక్కొక్కరూ. ఆమె మీటల పలక తెరిచి తీగలు చూసుకుంటోంది. వెనక నిశ్శబ్దంగా జనం నిండడం వినిపిస్తోంది. మరీ నిశ్శబ్దంగా. గ్లాసు నింపి మధ్యలో పెట్టడానికి వంగింది. తలుపు మూసుకుంది. లిఫ్టు కదిలింది. అప్పుడు ఆమె గ్లాసు చుట్టూ ఉన్న పాదాలు చూసింది.

ఇరవై నాలుగు పాదాలు. అన్నీ వట్టివే.

చెప్పులు కింద విడిచి ఎక్కారు. ఎవరూ చెప్పలేదు. మెరిసే నేల కనపడగానే వాటంతట అవే విడిచిన చెప్పులు. వంటమనుషుల్లో చిన్నది అద్దంలో తనని చూసుకుని, చూసుకున్నానని తెలిసి తల తిప్పేసుకుంది. ట్యాంకుల అన్నదమ్ముల్లో పెద్దవాడు నిండు కుండ నెత్తిన పెట్టుకున్నవాడిలా బిగుసుకుపోయి నిలబడ్డాడు. పిన్ని కళ్ళు మూసుకుంది. అంతస్తు అంతస్తుకీ లిఫ్టు ఆగింది, కదిలింది. నీళ్ళు నిలిచే ఉన్నాయి. ఏడు దగ్గర పిన్ని కళ్ళు తెరిచి, గ్లాసుని చూసి, ఇది మీ అమ్మది కదే అంది. అవునంది ఆమె. పన్నెండులో తలుపు తెరుచుకున్నాక నర్సు అడిగింది, మరి మనం ఇప్పుడు వట్టి కాళ్ళతో పనికెళ్ళాలా అని.

ముందు తాత నవ్వాడు. తర్వాత అందరూ. ఆ లిఫ్టులో అంత నవ్వు ఎప్పుడూ పట్టి ఉండదు.

కింద హాల్లో పన్నెండు జతల చెప్పులు గోడ పక్కన వరసగా ఉన్నాయి. తొమ్మిదో అంతస్తులో ఉండే రిటైర్డు హెడ్మిస్ట్రెస్ నడక ముగించుకుని వచ్చి, వాటిని చూసి, పొద్దున్నే ఎవరింట్లో మీటింగని కాపలాదారుని అడుగుతోంది. తలుపు తెరుచుకుంది. పన్నెండు మంది వట్టికాళ్ళతో, వాళ్ళ మధ్య లిఫ్టక్క. అందరూ బయటికి వచ్చి చెప్పులు వెతుక్కుని వేసుకున్నారు. ఆవిడ చూస్తూ నిలబడింది.

ఇప్పుడు ఎవరి అంతస్తులో వాళ్ళు దిగండి, ఆఖరి పరీక్ష ఇదే, అంది లిఫ్టక్క. ఈసారి చెప్పుల చప్పుడుతో ఎక్కారు. బకెట్లు, సంచులు, నీళ్ళ డబ్బా. అందరూ సర్దుకున్నారు. సరిగ్గా అప్పుడే సెక్రటరీ వార్తాపత్రిక మడిచి పట్టుకుని వచ్చాడు. పేపరు చూస్తూనే, రోజూ ఎక్కినట్టే లిఫ్టులోకి అడుగుపెట్టాడు.

గంట మోగింది.

ఆయన తలెత్తి చూశాడు. చుట్టూ పన్నెండు మంది పనివాళ్ళు, మధ్యలో లిఫ్టక్క. గంట మోగుతూనే ఉంది. ఎవరో ఒకరు దిగండి అన్నాడు ఆయన, మర్యాదగానే. పిన్ని బకెట్ ఎత్తుకుని ముందుకి కదలబోయింది. నలభై ఏళ్ళ అలవాటు ఆ మోకాళ్ళకంటే వేగంగా కదులుతుంది. లిఫ్టక్క ఆమె మోచెయ్యి పట్టుకుంది.

"సార్, బరువు మించితే ఆఖర్న ఎక్కినవాళ్ళు దిగాలి. యంత్రానికి తెలిసింది అంతే."

ఆయన ఆమె వైపు చూశాడు, గోడ మీది ఇత్తడి ప్లేటు వైపు చూశాడు. తలలు లెక్కపెడుతున్నట్టు పెదవులు కదిలాయి. హాల్లోంచి హెడ్మిస్ట్రెస్ నెమ్మదిగా అంది, క్లాసులో అన్నట్టు.

"వరసలో రండి సెక్రటరీగారూ. మీ వెనక నేనున్నాను."

ఆయన ఒక అడుగు వెనక్కి వేశాడు. గంట ఆగింది. తలుపు మూసుకుంది.

పన్నెండో అంతస్తులో పిన్ని బకెట్ లిఫ్టక్క చేతికిచ్చి, ముందు తను దిగి, తర్వాత అందుకుంది.

భవనం నుంచి కంపెనీకి ఉత్తరం వెళ్ళింది. నివాసులని అవమానించిందని, భవనం ఆస్తిని పీకేసిందని, ఇలాంటి మెకానిక్ లైసెన్సు సంగతి చూడవలసిందని. ఆమెని పిలిపించిన ఇంజనీరు, ఒకప్పుడు ఆమె దగ్గర తాళ్ళు పట్టుకోవడం నేర్చుకున్నవాడే. రిజిస్టరు తెరిచి చూపించాడు. పరీక్షలన్నీ పుస్తకం ప్రకారమే ఉన్నాయి, అక్కడ పట్టుకోవడానికేమీ లేదన్నాడు. పట్టుకునేది ఒక్కటే. పదకొండేళ్ళ తప్పు రాత.

"ఆ రెండు వాక్యాలూ రాయకపోతే సరిపోయేది కదా అక్కా. బోర్డు తీశారు, అయిపోయింది."

"రాయకపోతే కోపంతో తీసినట్టు. రాశాను కాబట్టి నియమంతో తీసినట్టు."

లైసెన్సు ఉంచారు. హెచ్చరిక కాగితం ఇచ్చారు. ముప్పై ఏళ్ళలో అదే మొదటిది. ఇంట్లో ఆమె దాన్ని తల్లికి చదివి వినిపించింది. తల్లి రెండోసారి చదవమంది. తర్వాత ట్రంకుపెట్టె చూపించింది. మంచి కాగితం, నీ లైసెన్సు పక్కనే పెట్టు అంది.

భవనం కమిటీ కూడా కూర్చుంది. హెడ్మిస్ట్రెస్ ఏం మాట్లాడిందో బయటికి రాలేదు గానీ, చాలాసేపు మాట్లాడిందట. హాల్లో ఒక కాగితం అతికించారు. వెనక లిఫ్టు బాగయ్యేవరకు, ముందు లిఫ్టులో పనివాళ్ళ రాకపోకలను సహించవలసిందిగా నివాసులను కోరడమైనది. పిన్నికి చదువు రాదు. లిఫ్టక్కని చదవమంది. సహించడమంటే ఏంటని అడిగింది.

"అంటే, ఇష్టం లేకపోయినా పళ్ళు బిగబట్టి ఊరుకోవడం."

"ఓస్, అదా. అదేమంత కష్టం కాదు, అలవాటైపోతుంది. మనం చేయలేదూ?" అంది పిన్ని.

ఆరు వారాల్లో ప్రపంచమేమీ మారలేదు. నాలుగో అంతస్తాయన బకెట్ కనపడితే మెట్లెక్కేవాడు. దాంతో ఒళ్ళు కాస్త తగ్గాడు. ఒకావిడ తలుపు తెరుచుకున్నప్పుడల్లా ఫోను చెవికి పెట్టుకుని, తర్వాతి దాంట్లో వస్తానని చేయి ఊపేది. అయితే పదకొండో అంతస్తావిడకి, తన వంటమనిషికి కవలలున్నారని తొమ్మిదేళ్ళ తర్వాత తెలిసింది. వంటింట్లో తెలియని సంగతి లిఫ్టులో, మూడుకీ నాలుగుకీ మధ్య తెలిసింది. చెప్పులు మళ్ళీ ఎవరూ విప్పలేదు.

కొత్త తాళ్ళు వచ్చాయి. లిఫ్టక్క నాలుగు రోజులు వెనక లిఫ్టు మీద కూర్చుంది. తాళ్ళు మార్చింది. నేలకి రెండు వేళ్ళు దిగిపోయే జబ్బు కూడా నయం చేసింది. అది ఎవరూ చేయమని అడగని పని. ఇన్నాళ్ళూ బకెట్లు తట్టుకున్నది, తోపుడుబండి చక్రాలు ఇరుక్కున్నది ఆ రెండు వేళ్ళ దగ్గరే. సొట్టల రేకులు తీసి సాపు చేసింది. గ్లాసు పెట్టి పన్నెండు అంతస్తులూ తిరిగింది. ఒక్క చుక్క కదల్లేదు. నీళ్ళు తాగి సంతకం చేసింది.

సెక్రటరీకి సంతోషమైంది. హాల్లో అతికించిన కాగితం తనే చింపేశాడు. ఇంక అంతా మామూలే కదా అమ్మా అన్నాడు, టీ కూడా అడిగాడు. వెనక లిఫ్టు మామూలుగానే నడుస్తుంది సార్, అందామె.

మర్నాడు ఆమెకి ఆ భవనంలో పని లేదు. అయినా ఆరున్నరకి వెళ్ళి, హాల్లో మొక్క పక్కన నిలబడింది. పనివాళ్ళు వచ్చారు. కొందరు వెనక్కి వెళ్ళారు. సాపైన గోడల్ని, నేలకి సమంగా ఆగిన లిఫ్టుని చూసి మెచ్చుకుంటున్న మాటలు వినిపించాయి. వెళ్ళనీ, బాగు చేసింది వాడుకోవడానికే అనుకుంది.

పిన్ని ఆఖర్న వచ్చింది. వెనక దారి దగ్గర ఆగింది. బకెట్ ఈ చేతిలోంచి ఆ చేతికి మార్చుకుంది. పరాయి ఇంట్లో నడుస్తున్నట్టు కాకుండా, రోజూ ఊడ్చే నేల మీద నడుస్తున్నట్టు నడుచుకుంటూ ముందు హాల్లోకి వచ్చింది. లిఫ్టు కోసం అక్కడ సెక్రటరీ పేపరుతో నిలబడి ఉన్నాడు. పిన్ని ఆయన పక్కన నిలబడింది. ఇద్దరూ మూసి ఉన్న తలుపుని చూశారు. ఆయన ఒకసారి గొంతు సవరించుకున్నాడు.

తలుపు తెరుచుకుంది. పిన్ని ముందు ఎక్కింది. చెప్పులతో. ఆయన ఒక క్షణం ఆగి, ఎక్కాడు. లోపల ఇంకా పదకొండు మందికి చోటుంది. ఇత్తడి ప్లేటు మెరుస్తోంది. దాని చుట్టూ నాలుగు స్క్రూల రంధ్రాలున్నాయి.

పిన్ని పన్నెండు నొక్కింది. తర్వాత వేలు అక్కడే ఉంచి, తల తిప్పి అడిగింది.

"మీకు ఎన్నో అంతస్తు సార్?"

"ఆరు" అన్నాడాయన.

పిన్ని ఆరు నొక్కింది. తలుపు మూసుకుంది.

లిఫ్టక్క తల ఎత్తి, తలుపు పైన వెలిగే అంకెలు చూస్తూ నిలబడింది. ఆరు దగ్గర ఆగింది. మళ్ళీ కదిలింది. ఏడు దాటింది. ఎక్కడా తొణక్కుండా పన్నెండుకి చేరింది.